పొగాకు రెలుపులలో చర్మమునుండి ఎక్కు విషము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పొగ త్రాగుట హానికరమని మీరందరును ఎరుగుదురు. కాని జన్మలో చుట్ట ముట్టనివారికి సైతము పొగాకు విషము ఎక్కగలదని చాలమందికి తెలియదు. నేడు ఆ విషయమును మీకు మనవి చేయదలచితిని.

గుంటూరు ప్రాంతమున 1920లో మొదలైన వర్జీనియా పొగాకు సాగు నేడు ప్రకాశం, నెల్లూరు, గోదావరి ప్రాంతములలో అనేక కుటుంబములకు జీవనాధారము. సంక్రాంతి దినములలో రెలుపులు జరుగుచుండగా, కూలీలు మంచుతో తడిసిన పచ్చి ఆకును కోసి చంకన పెట్టుకొని మోయుదురు. కొంతసేపటికే వారి బట్టలు నానిపోవును. ఆనాటి సాయంకాలమునకో, రాత్రికో కొందరికి తల తిరుగును; వాంతులగును; చెమటలు పోయును; కడుపులో నొప్పి, తలనొప్పి, నీరసము కలుగును. దీనిని పైత్యమని కొందరు, దిష్టి యని కొందరు తలచెదరు. నిజమునకిది నికోటిన్ విషము.

నికోటిన్ నీటిలో కరగును, చర్మముగుండ రక్తమున చేరును. పొగ మానదలచినవారికి వైద్యులిచ్చు నికోటిన్ పట్టీ ఈ గుణము మీదనే ఆధారపడి యున్నది. సాధారణముగా దొరకు పట్టీలలో చిన్నది దినమున కందించునది 7 మిల్లీగ్రాములు మాత్రమే. అటువంటి పట్టీలను కూడ మితిమీరి అంటించుకొన్నచో పైన చెప్పిన బాధలే కలుగవచ్చును. ఇక పొగాకు ఆకుపై నిలిచిన 100 మిల్లీలీటర్ల మంచునీటిలో 9 మిల్లీగ్రాముల వరకు నికోటిన్ ఉండగలదని పరిశోధకులు కనుగొనిరి. పట్టీకి కొలత గలదు. తడిసిన చీరకు కొలత లేదు.

ఈ బాధ పని మొదలిడిన కొన్ని గంటల తరువాత గాని బయటపడదు. అందుచేతనే కారణము తెలియకుండ పోవుచున్నది. సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును. కాని వాంతులు ఆగకున్నను, ఊపిరి కష్టమైనను, మూర్ఛ వచ్చినను వెంటనే 108 వాహనమును పిలువవలెను. రోగి పొగాకు కోసినాడని వైద్యునికి తప్పక చెప్పవలెను. లేనియెడల ఎండదెబ్బ యనియో, పురుగుమందు విషమనియో పొరబడుట కవకాశము గలదు.

నివారణ మీ చేతిలోని పనియే. మంచు ఆరిన పిమ్మటనే రెలుపులు మొదలుపెట్టునట్లు రైతులకు నచ్చజెప్పుడు. తడిలో కోయక తప్పనప్పుడు చేతి తొడుగులు, నీరంటని పైబట్ట ఇప్పింపుడు. ఎండ ముదిరినంతనే ఆ పైబట్టను తీసివేయవలెను. తడిసిన బట్టలు వెంటనే మార్చుకొని, సబ్బుతో ఒడలు కడుగుకొనుటకు బ్యారను వద్ద నీటి వసతి ఏర్పరుపుడు. గర్భిణులను ఈ పనికి పంపవలదు. పదునాలుగేండ్లలోపు బాలలను కూలికి పెట్టుట చట్టవిరుద్ధము. చిన్న దేహమునకు కొద్ది విషమే ఎక్కువ.

తల్లి పొలమునుండి వచ్చి తడిబట్టలతోనే పొయ్యి రాజవేయు ఇండ్లు మన గ్రామములలో ఎన్నియో గలవు. ఆమెకు ముందు స్నానము, పిదప వంట యను మాట ఇంటింటికి చేరవలెను. రాబోవు రెలుపులకు ముందే గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడని కోరుచున్నాను.