వంశమా? వర్తనమా?

[తిరుపతి పఠనమందిరమున మేము చేసిన యుపన్యాసము]



రాష్ట్రపతి పదవికి నిలుచు అభ్యర్థులను తూచుట యెట్లను విషయమును గూర్చి మాటలాడుమని మీరు కోరితిరి. ఆ యెన్నికతో మనకు పనియేమి, మనము ఓటు వేయువారము కాముగదా యని మీలో కొందఱు తలంపవచ్చును. నిజమే, మనము వేయము, మనము పంపినవారు వేయుదురు. ద్రౌపదీ ముర్ముగారు 2022 జూలై 25వ తేదీన పదవీప్రమాణము చేసిరి. ఆమె అయిదేండ్ల గడువు 2027 జూలైతో తీరును. 2024లో మనము ఎన్నుకొన్న శాసనసభ్యులును, లోక్‌సభ సభ్యులును ఆ గడువు తీరకమునుపే ఆమె తరువాతివారిని ఎన్నుకొనవలసినవారు. కనుక ఆ యెన్నికలో సగము పని మన వీథులలోనే జరిగిపోయినది. ఆ సగమును గూర్చియే నేడు ముఖ్యముగా చెప్పదలచినాము.

ముందుగా విధానమును జ్ఞప్తికి తెచ్చుకొందము. పార్లమెంటు ఉభయసభలలోను, శాసనసభలలోను ఎన్నికైన సభ్యులకు మాత్రమే ఈ ఓటు గలదు. నియమితులైన సభ్యులకు లేదు. 1971 జనాభా లెక్కనుబట్టి కట్టిన వెల ప్రకారము, 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 159, పార్లమెంటు సభ్యునిది 700. విభజనకు పూర్వపు చిత్తూరు జిల్లాకు 14 శాసనసభ స్థానములు. అన్నియు కలిసి 2,226. సంఖ్య చిన్నదే. కాని యా ఓటునకు ఒక విశేషము కలదు. అది రహస్యపు ఓటు. పక్షములు దానిపై విప్ జారీచేయరాదు. పక్షము చెప్పినవారికిగాక వేరొకరికి వేసినంతమాత్రమున సభ్యత్వము పోదు. శాసనసభలో చేయెత్తునపుడు సభ్యుని వెనుక పక్షము నిలిచియుండును. ఈ కాగితము నెదుట మాత్రము అతడొక్కడే. అతని యంతరాత్మ అతని వశమున నున్నదా, లేదా? అదియే అప్పటి ప్రశ్న.

ఇది యూహించి చెప్పిన ప్రశ్న కాదు. 1969లో దేశమంతయు దానిని ఎదుర్కొన్నది. ఆ యేడు మే నెలలో జాకీర్ హుస్సేన్‌గారు పదవియందుండగనే మరణించిరి. కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు నీలం సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించెను. ఉపరాష్ట్రపతిగా నుండిన వరాహగిరి వేంకటగిరిగారు స్వతంత్రులై నిలిచిరి. ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు అంతరాత్మ ననుసరించి ఓటు వేయుడని పిలుపు నిచ్చిరి. తుది లెక్కలో గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 వచ్చినవి. ఆ యేడు ముగియకమునుపే కాంగ్రెసు రెండుగా చీలినది. ఇరువురు ప్రధానాభ్యర్థులును తెలుగువారే: ఒకరు అనంతపురము జిల్లా ఇల్లూరివారు, మఱియొకరు బరంపురమువారు.

ఆ యిరువురిని తూచుటకు ఏ తూకపురాయి తగినది? ఊరు, కులము, పక్షము, పెద్దల పేరు, ఇవన్నియు నాడును వినబడినవే. మా తూకపురాయి వేఱు. ధర్మము కోరినపుడు ఈ మనుష్యుడు దేనిని విడిచిపెట్టెనని మేము అడుగుదుము.

సంజీవరెడ్డిగారు మన జిల్లాకు పరాయివారు కారు. 1955లో కాళహస్తినుండి శాసనసభకు ఎన్నికై, 1956లో ఆంధ్రప్రదేశమునకు ప్రథమ ముఖ్యమంత్రి యైరి. బస్సు మార్గముల జాతీయకరణపు వ్యాజ్యెములో సుప్రీంకోర్టు తమ ప్రభుత్వముపై ప్రతికూలముగా వ్యాఖ్యానింపగా, 1964లో ముఖ్యమంత్రి పదవిని తామై వదలిరి. 1967లో లోక్‌సభ స్పీకరైనపుడు, ఆ పీఠము ఒక పక్షమునకు చెందినది కాదని కాంగ్రెసు సభ్యత్వమును విడిచిరి. గిరిగారు 1954లో కేంద్రమున కార్మికమంత్రి. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చుటకు సమ్మతింపక, మంత్రిపదవిని త్యజించిరి. న్యాయస్థానమున సాక్షి మాటకంటె పత్రము బలమైనది. రాజకీయములలో అట్టి పత్రము రాజీనామా పత్రమే. అయితే, 1969లో రాష్ట్రపతి పదవికి నిలుచుటకై ఒకరు స్పీకరు పదవిని, వేరొకరు ఉపరాష్ట్రపతి పదవిని వదలుటను మేము ఈ లెక్కలో చేర్చము. పెద్దదానికై చిన్నదానిని విడుచుట బేరమే గాని త్యాగము కాదు.

ఈ తూకమున ఇరువురును తేలికవారు కారు. సంజీవరెడ్డిగారు తరువాత 1977లో పోటీలేకయే రాష్ట్రపతి యైరి. గిరిగారి విషయమున మఱియొక సంగతియు మఱువరాదు. ఆయన రాష్ట్రపతిగా నుండగనే, 1971లో, ఆయన కుమారుడు మధ్యప్రదేశములోని దమోహ్ నుండి కాంగ్రెసు పక్షమున లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఎన్నికయగుట నేరము కాదు. కాని తండ్రి రాష్ట్రపతి భవనమున నుండగా కుమారుడు ఓటు అడిగినపుడు, ఓటరు ఎవరి ముఖమును చూచి యిచ్చునో తేల్చుట కష్టము.

ఇక వంశము మాట. వంశముగలవాడు పనికిరాడని మేము చెప్పము. అమెరికా రెండవ అధ్యక్షుని కుమారుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ తానును అధ్యక్షుడయ్యెను. అంతకుమున్ను సెనేటరుగా, తన పక్షమునకును తన రాష్ట్రమునకును సమ్మతముగాని శాసనమును దేశహితమని తోచి బలపఱచి, 1808లో ఆ స్థానమును వదలుకొనెను. అధ్యక్షపదవి ముగిసిన తరువాత ప్రతినిధి సభలో సామాన్య సభ్యుడై, బానిసత్వమునకు ప్రతికూలముగా పోరాడెను. మన కడ తరిమెల నాగిరెడ్డిగారు సంజీవరెడ్డిగారికి బావమఱది. 1952లో చెఱలోనుండియే అనంతపురమున ఆయనపై పోటీచేసి గెలిచిరి. బంధుత్వము వారి సిద్ధాంతమును బంధింపలేదు. శ్రీలంకలో రాజపక్స సోదరులు ఇరువురు అధ్యక్షులైరి. రెండవవారు 2022లో ప్రజాగ్రహమునకు దేశము విడిచి పోవలసివచ్చెను. 2024 అధ్యక్ష యెన్నికలో రాజపక్స కుమారుని, ప్రేమదాస కుమారుని ప్రజలు ఓడించిరి. వంశము ద్వారము తెఱచునే గాని లోపల నిలుపజాలదు.

మన యింటిని చూచుకొందము. 2024లో శ్రీకాళహస్తిలోను, నగరిలోను గెలిచినవారు మాజీమంత్రుల కుమారులు. పీలేరులో గెలిచినవారు మాజీ శాసనసభ్యుని కుమారులు, మాజీ ముఖ్యమంత్రి సోదరులు. పుంగనూరున ఒక సోదరుడు, తంబళ్లపల్లెన మఱియొక సోదరుడు, రాజంపేట లోక్‌సభ స్థానమున కుమారుడు గెలిచిరి. కుప్పమునుండి గెలిచిన ముఖ్యమంత్రిగారి కుమారుడు 2019లో మంగళగిరియందు ఓడి, 2024లో అచ్చటనే గెలిచి మంత్రియైరి. ఇందు ఒక్క పక్షమునకు దోషము కట్టుటకు వీలులేదు. వీరిలో సమర్థులు లేరనియు మేము అనము. ఓటర్లు స్వేచ్ఛగా ఎన్నుకొన్నారు. ఆ తీర్పును గౌరవింపవలసినదే.

అయినను మా భయము చెప్పెదము. తాను ఆర్జించిన స్థానమును మనుష్యుడు తానే వదలగలడు. తండ్రి యిచ్చిన స్థానమును వదలుట సులభము కాదు. దాని వెనుక అన్నదమ్ములు, అల్లుండ్రు, గుత్తేదారులు, రాబోవు తరము నిలిచియుందురు. అవిభక్త కుటుంబపు ఆస్తిని ఒక్కడు తన యిష్టమున విడువజాలడని మాకు వృత్తిరీత్యా తెలియును. నియోజకవర్గము కుటుంబపు ఆస్తి యైనచో, సభ్యుని యంతరాత్మయు అందులో ఒక వాటాగా చేరిపోవును. అట్టివాడు రాష్ట్రపతి యెన్నిక కాగితము నెదుట ఒంటరిగా నిలిచినను, ఒంటరి కాడు.

ఆస్తివలె నడచిన అధికారములను మన ప్రాంతము చూడకపోలేదు. 1843 మొదలు 1933 వఱకు తిరుమల దేవస్థానపు పాలన హాథీరాంజీ మఠపు మహంతుల పరంపరలో నడచెను. చట్టము వచ్చి దానిని సమితికి అప్పగించెను. కార్వేటినగరము, కాళహస్తి, పుంగనూరు జమీనుల పేర్లు మన పెద్దలకు తెలిసినవే. 1948 నాటి మద్రాసు చట్టము జమీందారీలను రద్దుచేసెను. నియోజకవర్గపు జమీందారీని రద్దుచేయు చట్టమేదియు రాదు, రానును కూడదు. ఆ పని ఓటరుదే.

మఱియొక త్రోవయు మన కన్నులయెదుట నుండినది. తిరుత్తణి 1960 వఱకు చిత్తూరు జిల్లాలోనిది. అక్కడ చిన్న రెవెన్యూ ఉద్యోగి యింట పుట్టి, ఈ తిరుపతిలో చదువుకొన్న సర్వేపల్లి రాధాకృష్ణగారు 1962లో 5,53,067 ఓట్ల విలువతో రాష్ట్రపతి యైరి. ఆయన కుమారుడు గోపాల్‌గారు తండ్రి పీఠమును కోరలేదు. చరిత్రకారుడై తన పేరు తానే తెచ్చుకొనెను.

కావున 2027లో అభ్యర్థుల పేర్లు వెలువడినపుడు మూడు ప్రశ్నలు వేయుడు. ధర్మము కొఱకు ఏ పదవినైనను వదలెనా? తనను నిలిపిన పక్షమునకు ఎప్పుడైనను కాదని చెప్పెనా? న్యాయస్థానము తప్పుపట్టినపుడు తలవంచెనా? ఈ మూడింటికిని జవాబున్నచో, వారి తండ్రి యెవరైనను మనకు పనిలేదు.

ఆ ప్రశ్నలనే మీ శాసనసభ్యునకు ఇప్పుడే ఉత్తరమున వ్రాయుడు. ఏ అభ్యర్థికి ఓటు వేయుదువని అడుగవలదు, అది రహస్యము. ఏ గుణమునుబట్టి వేయుదువని అడుగుడు. ఆ మాట చెప్పుటకు రహస్యము అడ్డురాదు. జవాబు రాకున్నచో ఆ సంగతిని ఈ మందిరపు గోడపై వ్రాసియుంచుడు. తదుపరి యెన్నికకు ఆయనయో, ఆయన కుమారుడో మన గుమ్మమునకు వచ్చినపుడు అది మనకు పనికివచ్చును.