పెరటి బెండ, పత్తి మందు

వానాకాలము వచ్చినంతనే ఆదిలాబాదు, కరీంనగరు ప్రాంతములలో రెండు సేద్యములు సాగును. ఒకటి నల్లరేగడి చేలలో పత్తి. రెండవది ఇంటి వెనుక పెరటిలో గృహిణులు పెంచు బెండ, పుంటికూర, చిక్కుడు, బచ్చలి. మొదటిది అంగడికి, రెండవది వంటింటికి. ఈ రెంటి నడుమ ఉండవలసిన హద్దును గూర్చి నేడు శ్రోతలతో ముచ్చటింప దలచినాము.

బెండయు, పుంటికూరయు పత్తికి దగ్గరి చుట్టములు. మూడును ఒకే వృక్షకుటుంబమునకు చెందినవి. కావున పత్తి ఆకుల రసమును పీల్చు పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక పెరటి బెండమీదికిని వచ్చును. మన దేశమున 2002లో అనుమతి పొందిన బి.టి. పత్తి కాయతొలుచు పురుగును తట్టుకొనుటకు ఏర్పడినదే కాని, రసము పీల్చు పురుగులను ఆపజాలదు. అందుచే రైతు చేనికి మందు తెచ్చును. డబ్బా అడుగున కొంత మిగులును. ఆ మిగిలినది పెరటి మొక్కలపై చల్లిన నేమి అను ఆలోచన అప్పుడే కలుగును.

ప్రమాదము అక్కడనే ఉన్నది. పత్తిని మనము తినము. బెండకాయలనో, రెండు మూడు దినముల కొకసారి కోసి వండుకొందుము. చల్లిన విషము విరిగిపోవుటకు వలసిన గడువు వానికి చిక్కదు. మోనోక్రోటోఫాస్ అను మందును కూరగాయలపై వాడరాదని కేంద్ర ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. ఆదిలాబాదునకు పొరుగున, పెన్‌గంగకు ఆవల నున్న యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తి చేలకు మందులు చల్లుచు సుమారు 20 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ విషము నోటి ద్వారమున మాత్రమే కాదు, చర్మము ద్వారమునను, ఊపిరి ద్వారమునను శరీరమున ప్రవేశించును.

మరి పెరటికి ఏమి చేయవలెను? వేపగింజల పప్పును దంచి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రియంతయు నానవేయవలెను. ఉదయము పలుచని గుడ్డతో వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి, నాటి సాయంకాలమే ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లవలెను. పురుగులు దాగునది అక్కడనే. చేనికి వాడిన పంపును మాత్రము పెరటిలోనికి తేరాదు.

మందు డబ్బాపై రంగు గుర్తుండును. ఆ రంగు ఎరుపైనచో అది మిక్కిలి తీవ్రమైన విషమని గ్రహించవలెను. ఖాళీ డబ్బాను ఎంత కడిగినను, అందు నీరుగాని, నూనెగాని పోయరాదు. మందు చల్లినవారు సబ్బుతో స్నానము చేసిన పిమ్మటనే బిడ్డల నెత్తుకొనవలెను. వారి బట్టలను వేరుగా ఉతుకవలెను. విపరీతమైన చెమట, చొంగ, వాంతులు, మసకచూపు కనిపించినచో, విడిచిన బట్టలు తీసివేసి, ఒడలు కడిగి, మందు పేరున్న చీటీతో సహా తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

చేని మందు చేనికి, వేపగింజ పెరటికి. ఈ ఒక్క కట్టుబాటును పాటించిన ఇంట బెండకాయ కూర నిశ్చింతగా తినవచ్చును.