ఉద్యోగుల యింట పెంపుడు పక్షి

పాలవేకరి కదిరీపతి తెలుగులో రచించిన శుకసప్తతిలో, భర్త దేశాంతరమేగగా ఇంట మిగిలిన ఇల్లాలికి కథలు చెప్పుచు, ఆమెను గడప దాటనీయక నిలిపినది ఒక చిలుక. ఆ కథలో ఇంటివారికి తోడైనది పక్షి. నేడు పట్టణములలో ఆ కథ తలక్రిందైనది. భార్యాభర్త లిరువురును ఉద్యోగములకు, పిల్లలు బడికి పోవగా, తాళము వేసిన ఇంట మిగులునది పక్షి. పగలంతయు దానికి తోడెవరు? ఈ సంగతిని గూర్చియే మనము కొంచెము ముచ్చటించుకొందము.

మొదట ఏ పక్షిని పెంచవచ్చునో చూతము. పంజరమనగానే మనకు తోచునది రామచిలుక. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2018లో దానిని రాష్ట్రపక్షిగా ప్రకటించినది. కాని దానిని పట్టుటయు, అమ్ముటయు, ఇంట పంజరములో నుంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరములు. గోరువంకకును ఇదియే వర్తించును. మా తాతలనాటినుండి పెంచుచున్నామన్న సమాధానము చెల్లదు.

ఇక మన అంగళ్లలో లవ్ బర్డ్స్ అను పేరుతో అమ్మునవి చాలవరకు బడ్జరిగార్లు. వీని స్వస్థలము ఆస్ట్రేలియాలోని ఎండు మైదానములు. 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వీనిని ప్రాణములతో ఇంగ్లండునకు గొనిపోయెను. అప్పటినుండి ఇవి తరతరములుగా మనుష్యుల ఇండ్లలోనే పుట్టి పెరుగుచున్నవి. బరువు 30, 40 గ్రాములకు మించదు. చక్కగా చూచుకొన్నచో 5 నుండి 10 ఏండ్లు బ్రతుకును. తలపై జుట్టుగల కాకటీలు 15 ఏండ్లకు పైగా జీవింపగలదు. పిల్లవాని పుట్టినరోజునకు ముచ్చటపడి కొన్న పక్షి, వాడు కళాశాలకు పోవునాటికిని మన యింటనే యుండుననుట మరువరాదు.

బడ్జీ గుంపులో బ్రతుకు పక్షి. ఒకటి పిలిచిన మరియొకటి బదులు పలుకుట దాని స్వభావము. పిలిచిన పిలుపునకు బదులు రాకున్నచో, గుంపునుండి తప్పిపోయితినని అది కలత చెందును. మనము పది గంటలు ఇల్లు విడిచి పోయినప్పుడు ఒంటరి పక్షికి కలుగునది ఈ కలతయే. అది అదేపనిగా అరచును, ఊచలను కొరుకును, తుదకు తన ఈకలను తానే పెరికికొనును. ఈకలు పెరికికొనుటకు రోగమును కారణము కావచ్చును గనుక పశువైద్యునకు చూపుట మంచిది.

అందువలన పగలు ఇంట మనుష్యులుండని వారు ఒక పక్షిని గాక రెండింటిని పెంచుట న్యాయము. జంట యున్నచో మనతో చనువు తగ్గునని కొందరందురు. అది కొంతవరకు నిజమే. కాని పగలంతయు మౌనముగా కూర్చుండి, సాయంకాలము మనము కనబడగానే భుజముపై వ్రాలు ఒంటరి పక్షిది చనువో, గత్యంతరము లేక పడు ఆత్రమో ఆలోచింపవలెను.

రేడియో పెట్టి పోయిన చాలదా యని అడుగువారు కలరు. మెల్లగా వినవచ్చు పాట ఇంటి నిశ్శబ్దమును కొంత తీర్చును. కాని ఒక్కమాట రేడియోలో మాటలాడుచున్న మేమే చెప్పవలసియున్నది: రేడియో పలుకునే గాని, పిలిచినవారికి బదులు పలుకదు.

ఉదయమున పావుగంట వీనికై విడువుడు. గింజల గిన్నెను చూచి నిండుగానున్నదని మోసపోరాదు. బడ్జీ గింజను ఒలిచి తిని, పొట్టును అందులోనే విడుచును. పైపొట్టును ఊదివేసినగాని లోపల గింజలున్నవో లేవో తెలియదు. కొర్రలు, సజ్జలు మంచివేగాని, గింజలు మాత్రమే తిన్నచో ఏ విటమిను కొరతపడును. కొత్తిమీర, క్యారెట్టు తురుము వంటివి కొంచెము పెట్టి, వాడిపోకమునుపే తీసివేయవలెను. చాక్లెట్టు, కాఫీ, అవకాడో, ఉప్పు తిండ్లు దగ్గరకు రానీయరాదు. నీటిగిన్నెలు రెండుండవలెను; ఒకటి ఒలికినను రెండవది యుండును.

పంజరము ఎత్తుకంటె వెడల్పు ముఖ్యము. ఊచల నడుమ సందు అర అంగుళమునకు మించరాదు. దానిని ఒక ప్రక్క గోడకు ఆనించి యుంచుడు. వంటయింట ఉంచరాదు, నాన్‌స్టిక్ పెనము మితిమీరి కాగినప్పుడు వెలువడు ఆవిరి నిమిషములలో పక్షిని చంపగలదు. బాల్కనీలో ఎండకును పిల్లికిని విడిచి పోరాదు. వైశాఖ జ్యేష్ఠములలో కిటికీలన్నియు మూసి తాళము వేసిన గది మధ్యాహ్నమునకు పొయ్యివలె కాగునని జ్ఞాపకముంచుకొనవలెను.

దినమున కొక గంటయైనను పంజరము వెలుపల ఎగురనీయుడు. అంతకుముందు తలుపులు మూయుట, పైకప్పు ఫ్యాను ఆపుట తప్పనిసరి. అయితే పక్షికి రాత్రి 10, 12 గంటల చీకటి నిద్ర కావలెను. తొమ్మిదింటికి ఇల్లు చేరి, దీపములు వెలిగించి, నిద్రించు పక్షిని లేపి ఆడించుట ప్రేమ కాదు. అట్టివారు ఆ గంటను ఉదయమునకు మార్చుకొనవలెను.

పక్షి తన జబ్బును దాచుకొనును. బలహీనత పైకి కనబడిన పక్షిని వేటజంతువులు ముందుగా పట్టును గనుక దానికీ గుణము అబ్బినది. వారమున కొకసారి చిన్న త్రాసులో తూచినచో బరువు తగ్గుట ముందే తెలియును. ఈకలు ఉబ్బించుకొని పంజరపు అడుగున కూర్చున్నచో ఆదివారము సెలవు వచ్చువరకు ఆగరాదు. ఆనాడే వైద్యుని యొద్దకు కొనిపోవలెను.

ఇంత తీరికయు, ఇంత శ్రద్ధయు మా సంసారములో పొసగవని తోచినవారు వెనుదీయుట తప్పు కాదు; కొనకమునుపే ఆ మాట అనుకొనుట మంచిది. మేడపై నీడపట్టున ఒక మట్టిమూకుడులో నీరు పోసి, గుప్పెడు నూకలు చల్లుడు. పిచ్చుకలును, కాకులును, గోరువంకలును వచ్చి త్రాగి పోవును. మనము ఆలస్యముగా వచ్చిన దినమున అవి మనకొరకు ఎదురుచూచుచు కూర్చుండవు.