రాత్రివేళ విహారనౌకను ఒడ్డు చేర్చుటకు దీపములు ఉపయోగపడునా?

(మన తెలుగు సంఘపు కార్తీక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్య సంగీతముల కొరకు ఏర్పడిన సంఘములో పడవ దీపములను గూర్చి ప్రసంగమేమిటని మీలో కొందరికి తోచవచ్చును. నేను చదివినది చరిత్రయు తెలుగును. చేయునది దస్త్రముల పని. నౌకాశాస్త్రము నా విద్య కాదు. అయినను మొన్నటి కార్యవర్గ సమావేశములో ఒక ప్రతిపాదన వచ్చిన సంగతి మీ రెరుగుదురు. ఈ యేటి వనభోజనములకు ముందుగా చందాలు వేసికొని, మనము మాట్లాడుకొను పడవకు మిక్కిలి వెలుతురుగల దీప మొకటి కొని ఈయవలెనని దాని సారాంశము. ఆ ప్రతిపాదన చేసినవాడను నేనే. ఈ దినమున దానిని ఉపసంహరించుకొనుటకై మీ ముందు నిలిచినాను. కారణములు చెప్పుట నా విధి.

మొదట మన సూర్యుని సంగతి. భారతదేశ ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము మన కాకినాడకు చేరువగా పోవుచున్నది. మన మున్న ఈ ఊరు, అనగా 2024 నుండి శ్రీ విజయపురముగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్, దానికి పదిడిగ్రీలు తూర్పున నున్నది. ఒక్కొక్క డిగ్రీకి నాలుగేసి నిమిషముల చొప్పున లెక్కించిన, మన సూర్యుడు గడియారముకంటె సుమారు నలువది నిమిషములు ముందు నడచుచున్నాడు. అబర్డీన్ బజారు గడియార స్తంభము కాకినాడ కాలమును చూపుచుండగా, దానిపై ఎండ కాయించు సూర్యుడు మాత్రము అబర్డీన్ కాలమునే పాటించుచున్నాడు. కార్తీకమాసములో కాకినాడలో సుమారు అయిదున్నరకు ప్రొద్దు గ్రుంకగా, ఇచ్చట అయిదు కొట్టకముందే గ్రుంకును. పైగా భూమధ్యరేఖకు దగ్గరి దేశములలో సంధ్య నిలువదు. ఇరువది నిమిషములు దాటిన పిమ్మట చీకటియే. మన ఊళ్లలో సాయంకాలమని పిలుచుకొను వేళ ఇచ్చట రాత్రి క్రింద లెక్క.

నిరుడు ఈ లెక్కను మరచినాము. పౌర్ణమికి దగ్గరి ఆదివారము, అఖాతమునకు ఆవలి తీరమున ఉసిరిచెట్టు దొరకకపోయినను ఉన్న చెట్టు నీడనే వనభోజనములు చేసితిమి. మూడున్నరకు బయలుదేరుదము రండని సరంగు పిలిచెను. పులిహోర గిన్నెలు కడుగవలెనని స్త్రీలనిరి. ఇంకొక్క పద్యమని మేమంటిమి. ఆ ఇంకొక్క పద్యము చదివినవాడను నేనే. పడవ కదలునప్పటికి అయిదు దాటినది. చంద్రుడు మబ్బుల చాటున నున్నాడు. అబర్డీన్ జెట్టీ సమీపించునప్పటికి నీరు, ఆకాశము ఒకే నలుపుగా ఉన్నవి.

అప్పుడు మేము సహాయము చేయదలచితిమి. నా చేతిలో పెద్ద టార్చిలైటు ఉన్నది. తక్కినవారు చేతి ఫోనుల దీపములు వెలిగించిరి. ముందుభాగమున నిలిచి నేను టార్చిని జెట్టీవైపు త్రిప్పితిని. ఆ వెలుగు జెట్టీకి చేరలేదు. పడవ ముందరి తెల్లని కమ్మీలకు, తడిసిన పట్టాకు తగిలి వెనుకకు మరలినది. చుక్కాని దగ్గరనుండి కేక వినబడినది:

“ఆ లైట్లు ఆర్పీండి బాబూ! నాకేటీ అగుపడ్డం నేదు!”

మాకు ఆ మాట అర్థము కాలేదు. వెలుగు చాలలేదనుచున్నాడనుకొని నేను టార్చిని మరికొంత ఎత్తితిని. పడవ ప్రక్క జెట్టీకి ఢీకొని మరల విడిపడినది. చేరినామనుకొని, మా సహోద్యోగి తల్లిగారు లేచి అడుగు ముందుకు వేసిరి. మా దీపములు పెట్టిన నీడలో పడవకును గట్టుకును నడిమి సందు ఆమెకు మెట్టువలె తోచినదట. కళాసి కుఱ్ఱవాడు ఆమె చేయి పట్టి వెనుకకు లాగెను. చెప్పు ఒకటి ఆ సందులో పడినది. మరుక్షణమే పడవ వచ్చి గట్టునకు ఒరసికొన్నది. ఆ సందులో పడినది చెప్పు గనుక ఈనాడు ఈ సభలో ఆమెయు కూర్చుండి నా మాట వినుచున్నారు.

అందరము దీపము లార్పితిమి. సరంగు పడవను కొంత వెనుకకు తీసి, యంత్రము నెమ్మది చేసి, ఏమియు మాటలాడక కొన్ని నిమిషములు నిలిచెను. ఆ పిమ్మట వచ్చి మెత్తగా గట్టుప్రక్కన చేర్చెను. చీకటిలో చేర్చెను.

ఇంత జరిగినను నాకు తోచినది, దీపము చిన్నదైనందున ఈ ఇక్కట్టు వచ్చినదని! అందుచేతనే పెద్దదీపము ప్రతిపాదించితిని. ధర తెలిసికొందమని ఇటీవల ఆ సరంగునొద్దకే పోతిని. శ్రీకాకుళము తీరమునుండి తండ్రి కాలమున ఇటు వచ్చిన కుటుంబము అతనిది. అతడు నవ్వి, “దీపం నాకు కాదు బాబూ, గట్టుకి పెట్టించండి” అనెను. ఆ ఒక్క మాట వెనుక నున్న శాస్త్రమును తెలిసికొనుటకు నాకు కొంత చదువు పట్టినది. తెలిసినంత మేరకు మనవి చేసెదను.

పగటి ఎండనుండి సినిమాహాలులోనికి పోయిన మొదట కుర్చీలు కనబడవు. కూర్చున్న కొంతసేపటికి ప్రక్కవాని ముఖము కూడ తెలియును. కంటి లోపలి పొరలో చీకటి చూపునకు వేరుగా కణము లున్నవి. వానిలోని రొడాప్సిన్ అను పదార్థము వెలుగు తగిలిన విరిగిపోవును, చీకటిలో తిరిగి కూడుకొనును. విరుగుటకు క్షణము చాలును. పూర్తిగా కూడుకొనుటకు ఇరువది ముప్పది నిమిషములు కావలెను. సరంగు అరగంట కూడబెట్టుకొన్న చూపును నేను రెప్పపాటులో ఖర్చుచేసితినన్నమాట. ఎఱ్ఱని మందపు వెలుగు ఈ చూపును అంతగా చెరుపదు. పెద్ద ఓడలలో చుక్కాని గదిని రాత్రివేళ చీకటిగా ఉంచి, పటములు చూచుటకు ఎఱ్ఱదీపము వాడుట ఇందులకే.

మోటారుకారుకు దీపము లున్నవి కదా, పడవకేల పనికిరావని నేనును వాదించితిని. రోడ్డు గరుకైనది. పడిన వెలుగులో కొంత మనవైపు తిరిగి వచ్చును. రాళ్లు, పలకలు కనబడును. నీరు అద్దమువంటిది. ఏటవాలుగా పడిన వెలుగును ముందునకే త్రోసివేయును. మనవైపు తిరిగి వచ్చునది తుంపరల మీద, మంచు మీద, మన కమ్మీల మీద పడినది మాత్రమే. కావున వెలుగు పెరిగినకొలది ఎదుట తెల్లని గోడ యగును గాని దారి కాదు.

మరి పడవకు దీపములు వద్దా? వలెను. కాని దీపములు మూడు రకములు. ఒకటి, ఇతరులకు మనము కనబడుటకు. రెండు, మనము దారి పట్టుటకు ఒడ్డున వెలుగునవి. మూడు, మన ఎదుటి వస్తువును చూచుటకు. సామాన్యులమైన మనము మూడవదానినే దీపమనుకొందుము. నావికుడు మొదటి రెండింటిమీద బ్రదుకును.

మొదటి రకమునకు 1972 లో లండనులో కుదిరిన అంతర్జాతీయ నియమావళి ఆధారము. అది 1977 జూలై 15 నుండి అమలులో నున్నది. దాని ప్రకారము యంత్రముతో నడచు పడవకు ఎడమ ప్రక్క ఎఱ్ఱదీపము, కుడి ప్రక్క పచ్చదీపము, ముందునకు కనబడు తెల్లదీపము స్తంభముపైన, వెనుకకు మరియొక తెల్లదీపము ఉండవలెను. ప్రక్కదీపము ఒక్కొక్కటి 112½ డిగ్రీల మేరకు, వెనుకది 135 డిగ్రీల మేరకు కనబడును. మూడును కూడిన 360. అందుచేత చీకటిలో ఏ రంగు కనబడినదో దానినిబట్టి ఎదుటి పడవ ఎటు పోవుచున్నదో తెలియును. అడ్డముగా పోవు పడవ ఎఱ్ఱదీపము మన కుడివైపున కనబడిన, తప్పుకొనవలసిన వారము మనము. ఇక ఆ నియమావళియే, సూర్యాస్తమయమునుండి సూర్యోదయము వరకు, ఈ దీపములను మరుగుపరచునట్టివియు, వానిగా భ్రమ కలిగించునట్టివియు, సరంగు చూపునకు అడ్డు వచ్చునట్టివియు ఐన ఇతర దీపములను పడవపై చూపరాదని చెప్పుచున్నది. నిరుడు మేము ఎత్తిన ఫోనులన్నియు ఈ నిషేధము క్రిందికి వచ్చును.

రెండవ రకము మన కందరకు పరిచితమే. పాత ఇరువది రూపాయల నోటు వెనుక మన నార్త్ బే దీపస్తంభపు దృశ్యము ముద్రితమై యుండెడిది. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండపై దీపమును చూచి ఇల్లు చేరిన జాలరుల పిల్లలు మన సంఘములో నున్నారు. ఈ దీపము సముద్రమునకు వెలుగు పోయదు. తా నెచ్చట నున్నదో చెప్పును. అంతియే చాలును. జెట్టీ అంచున వెలుగు చిన్నదీపము చేయు పనియు నిదియే. కాని మన జెట్టీకి ఒక చిక్కు కలదు. దాని వెనుక అబర్డీన్ బజారు వెలుగుచుండును. నీటిమీదినుండి చూచిన, దుకాణపు పలకలు, వీధి దీపములు, వాహనముల ఎఱ్ఱ పచ్చ వెలుగులు కలిసి ఒకే ముద్ద. అందులో జెట్టీ దీపము ఏదో పోల్చుట అలవాటుపడిన కంటికే సాధ్యము.

మూడవ రకమునకు కూడ న్యాయము చేయవలెను. అమెరికాలో సొంత విహారనౌకలు గలవారు పలువురు, నౌక ముక్కుకు రెండు ప్రక్కల కారు దీపములవంటివి అమర్చుకొందురు. డాకింగ్ లైట్లని వానికి పేరు. అవి నిరర్థకములు కావు. గట్టునకు రెండు మూడు పడవల దూరము వచ్చిన తరువాత, కమ్మీలకు తగులకుండ, సరంగు కంటికి బాగుగా దిగువన అమర్చి, క్రిందికి వంచిన దీపము మోకు వేయవలసిన గుంజను చూపును. తేలియాడు దుంగను, దీపములేని చిన్నపడవను కనిపెట్టుటకు తోడ్పడును. అంతకు పూర్వము వెలిగించుట, వెలిగించి మరచుట, ఎదుటి పడవవాని కండ్లలో వేయుట దోషములు. కావున నేడు నన్ను ప్రశ్నించిన, నా జవాబిది: ఆ దీపము చివరి పది బారలకు ఉపయోగపడును, అక్కడివరకు రాలేనివానిని అది రప్పించదు.

దీపమే రక్షణ యను భ్రమను గూర్చి ఒక బాధాకరమైన మాట చెప్పవలసి యున్నది. 2014 జనవరి 26న మన ఈ జలములలోనే ఒక విహారనౌక పరిమితికి మించిన ప్రయాణికులతో మునిగి ఇరువదిమందికి పైగా మరణించిరి. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారమునాడు, విజయవాడ చెంత కృష్ణలో పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా పోయిరి. వారిలో ఎక్కువమంది ఒంగోలువారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన ఘోరమును మీరు మరువలేదు. మొదటిదియు చివరిదియు పగటివేళవి, నడిమిది సంధ్యవేళది. ఏదియు దీపము లేనందున జరిగినది కాదు. ఎంతమంది ఎక్కిరి, చొక్కాలు తొడిగిరా, సరంగు మాట ఎవరైన వినిరా అను ప్రశ్నలకు ఏ దీపమును జవాబు కాదు.

ఇక నా మనవులు. దీపముకై ఉద్దేశించిన చందాను పిల్లల కొలతల ప్రాణరక్షక చొక్కాలకు వినియోగింతము; నిరుడు పెద్దల చొక్కాలు పిల్లల భుజములనుండి జారిపోవుట చూచితిమి. జెట్టీ అంచునకు తెల్లరంగు, వెలుగు తగిలిన మెఱయు పట్టీలు, నీటివైపు గాక మెట్లవైపు వంచిన కప్పుదీపములు అమర్చవలసినదిగా సంబంధిత అధికారులకు సంఘము పేర విజ్ఞాపన పంపుదము. ముసాయిదా వ్రాయు పని నాకు వదలుడు, అది నాకు వచ్చిన విద్యయే. పౌర్ణమి అమావాస్యలకు ఇచ్చట పోటుపాట్ల నడుమ సుమారు రెండు మీటర్ల తేడా యుండును గనుక, పాటువేళ పడవకంటె గట్టు ఎంతో ఎత్తున నుండునని ముసలివారికి ముందే చెప్పుదము. మోకు కట్టి సరంగు రమ్మను వరకు ఎవ్వరును లేవరాదు. ఎవ్వరును ఫోను వెలిగించరాదు. అన్నిటికి మించి, మూడున్నరకు సరంగు పిలిచినప్పుడు, పద్యము సగములో నున్నను ఆపివేయుదము. ఆ నియమమునకు మొదట కట్టుబడువాడను నేను.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మని మన పెద్దలు చెప్పిరి. ఈ దీవులలో ఆ దీపము సూర్యుడే. అతడు అయిదుకు ముందే ఆరిపోవును. ఆ తల్లిగారికి నిరుడు చెప్పవలసిన క్షమాపణను, ఆలస్యముగానైనను, ఈ సభాముఖమున చెప్పుకొని సెలవు తీసికొనుచున్నాను.