దాదా ఖబర్ ఎక్కడ?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఉపన్యాసాలిచ్చే అలవాటు మాకు లేదు. మా ఇంటి సంగతి ఒకటి చెప్పి కూర్చుంటాము.

మా దాదా కాకినాడ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళారు. అక్కడ బియ్యం మిల్లులో పని. మన తీరం నుంచి అలా వేలమంది వెళ్ళారు. బర్మావాళ్ళు మనవాళ్ళను 'కొరంగీ'లనేవారు, మన కోరంగి రేవు పేరు మీదనే అంటారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడ టిక్కెట్టు దొరికినవాళ్ళు ఓడెక్కారు. దొరకని లక్షలమంది కాలినడకన బయలుదేరారు. దారి పొడుగునా కలరా.

1942లో వానలు వెనకబట్టాక తాళ్ళరేవు మనిషి ఒకాయన మా గుమ్మంలో నిలబడి దాదీతో చెప్పాడట: "ప్రోము దగ్గర ఏరు దాటామమ్మా. కొండ ఎక్కక ముందే ఆయనకు వాంతులు పట్టుకున్నాయి. మార్చి నెల. చింతచెట్టు కింద మేమే మట్టిచేశాం." అంతే. చావు జరిగి ఆరు నెలలు దాటింది. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు, అదీ చనిపోయిన నాటి నుంచే లెక్క గనుక గడువు తీరిపోయిందన్నారు ఖాజీగారు. దాదీ వినలేదు. "నాకు తెలిసింది ఈ రోజే గదా" అని ఆ నాలుగు నెలల పది రోజులూ గది దాటలేదు.

తర్వాత 1946లో ఇంకొకడొచ్చి, యుద్ధం మధ్యలో దాదాను రంగూన్ బజారులో చూశానన్నాడు. ఆ ఒక్క మాటతో ఇల్లు మళ్ళీ అతలాకుతలమైంది. దాదీ రాత్రిళ్ళు తలుపు గడియ వేయనిచ్చేది కాదు. ఫాతెహా చదివించాలా వద్దా అని మా అబ్బా, ఫూఫీ ఏటేటా పోట్లాడుకునేవారు. బతికున్నవాడికి చదివిస్తే ఎలా అని ఫూఫీ ఏడుపు.

1972లో ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్ళాము. ముసలివాడయ్యాడు, జ్ఞాపకం మాత్రం గట్టిది. దాదా లెక్కపెట్టి డబ్బులిచ్చిన వైనం చేతులు చాపి చూపించాడు, పది వేళ్ళతోనూ. మా దాదా ఎడమచేతి చిటికెనవేలు మిల్లులో తెగిపోయింది. అతను చూసింది మరెవరినో. ఆ కబురు దాదీకి చెప్పలేక మేము రెండు రోజులు నానాము. విని, "సరే, ఈ రాత్రి గడియ వెయ్యండి" అంది.

ఇక మిగిలింది తాళ్ళరేవు ఆయన మాట. ఆయన అప్పటికే లేడు. పటం తెచ్చి చూశాము. ప్రోము దగ్గర ఐరావతి దాటితే పడాంగ్, అక్కడినుంచి కొండల మీదుగా తాంగుప్ రేవు దాకా నూరు మైళ్ళకు పైగా దారి. అంటే పడాంగ్‌కూ కొండ మొదలుకూ నడుమ ఎక్కడో. చింతచెట్లు ఎన్ని లేవు!

మాది కూలివాడి ఖబర్. ఢిల్లీ ఆఖరి పాదుషా బహదూర్ షా జఫర్‌దే ఏమైంది? ఆయన 1862 నవంబరు 7న రంగూన్‌లోనే కన్నుమూస్తే ఆంగ్లేయులు ఆ రోజే పాతిపెట్టి, గుర్తు తెలియకుండా పచ్చిక పరిచారు. ముస్లిములు అడగ్గా అడగ్గా 1907లో రాయి వేశారు గాని, అసలు చోటు బయటపడింది 1991 ఫిబ్రవరిలో. పునాది తవ్వే కూలీల గునపాలకు ఇటుక తగిలింది.

మన ఖబరస్తాన్‌లో ఎవరు ఎక్కడున్నారో చెప్పగలిగే ముసలివారు ఇద్దరే మిగిలారు. పక్కా సమాధులు కట్టమనడం లేదు, అది మన పద్ధతీ కాదు. వరస, చెట్టు గుర్తు, తేదీ రాసుకుంటే చాలు. ఒక నోటుబుక్కుతో అయ్యే పని ఇన్నేళ్ళు చేయలేదు, మేమూ చేయలేదు. ఒక రిజిస్టరు కుట్టించి తెచ్చాము. సభ అయ్యాక ఆ బల్ల మీద ఉంటుంది, మీ ఇంటివారి వివరాలు రాయించండి.

మొదటి పేజీలో దాదీ పేరు రాశాము: తూర్పు గోడ, వేపచెట్టు నుంచి నాలుగో వరస. దాని కింద దాదా పేరు. స్థలం అన్న గడిలో, "ఏరు దాటాక, కొండ ఎక్కక ముందు" అని రాశాము.