పొగకు పద్దు

కుందుర్పి వైపు రైతు వానను అంగుళములలో చెప్పడు. "పదునైనది" అనును, లేదా "పదును కాలేదు" అనును. గొర్రు కట్టి విత్తనము వేయుటకు చాలినంత తేమ నేలలోనికి దిగినదా లేదా అనునదే ఆతని కొలత. నైరుతి మేఘములు పడమటి కనుమలమీదనే చాలవరకు కురిసి, తేలికపడి ఇటు వచ్చును. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, దేశమున మిక్కిలి తక్కువ వర్షము గల జిల్లాలలో ఒకటిగా అనంతపురము పేరుపడినది. ఇట్టిచోట పదును లెక్క తప్పినచో విత్తనమును పెట్టుబడియు రెండును నేలపాలగును. అందుచేత ఇక్కడివారికి లెక్క యొక్క విలువ తెలియును.

ఆ మధ్య మేము రికార్డింగు నిమిత్తము కుందుర్పికి వెళ్ళినప్పుడు, అరుగుమీద కూర్చున్న ఒక పెద్దాయనతో మాటల సందర్భమున, బెంగళూరు నగరము తన పొగకు లెక్క వ్రాయుచున్నదని చెప్పితిమి. ఆయన కుమారుడు ఆ నగరముననే బేల్దారి పని చేయుచున్నాడు. పెద్దాయన నవ్వి, "పొగకు గూడా పద్దు రాస్తారా సామీ? రాస్తే ఎవురి పేరు మీద రాస్తారు?" అని అడిగినారు. ఆ ప్రశ్నయే నేటి మా ప్రసంగమునకు మూలము.

మొదట, పద్దు ఎట్లు వ్రాయుదురో చూతము. కంటికి కనబడు నల్లని పొగ వేరు, ఈ పద్దులోని కెక్కు వాయువు వేరు. అది రంగును వాసనయు లేని బొగ్గుపులుసు వాయువు. ప్రతి పొగగొట్టమునకు ఒక మీటరు తగిలించుట సాధ్యము కాదు. కావున కాలిన ఇంధనమును బట్టి లెక్క కట్టుదురు. ఒక లీటరు డీజిలు కాలినచో సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. లీటరు డీజిలు కిలో అయినను తూగదే, వాయువు అంత ఎట్లు తూగునని శ్రోతలు అడుగవచ్చును. ఇంధనములోని బొగ్గు గాలిలోని ప్రాణవాయువును కలుపుకొనుటయే కారణము. మన దేశమున విద్యుత్తు అధికభాగము బొగ్గునుండి వచ్చుచున్నది గనుక, ఒక యూనిట్టుకు సుమారు 0.7 కిలో చొప్పున వ్రాయుదురు. కుప్పగా పోసిన తడిచెత్త గాలి తగులక కుళ్ళినచో మీథేను పుట్టును. నూరేండ్ల కాలమున దాని వేడిమి శక్తి, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువు శక్తికి 28 రెట్లని శాస్త్రజ్ఞుల అంచనా.

ఇక పొలిమేర సంగతి. నగరములో వెలిగిన దీపమునకు కావలసిన బొగ్గు ఎక్కడో దూరమున కాలును. నగరపు చెత్త పొరుగు పల్లెలో కుళ్ళును. బెంగళూరు చెత్తను మోసిన మండూరు గ్రామస్థులు తిరుగబడగా, 2014లో అచ్చటి కుప్ప మూతపడినది. ఇట్టివానిని ఎవరి పద్దున వ్రాయవలెను? ప్రపంచ నగరములన్నియు ఒకే తీరున లెక్క వ్రాయుటకై 2014 డిసెంబరులో లీమా నగరమున ఒక పద్ధతి ప్రకటింపబడినది. దాని ప్రకారము లెక్క మూడు కట్టలుగా నుండును. నగరము లోపల కాలినది మొదటిది. బయటినుండి తెచ్చుకొన్న విద్యుత్తు వలన పుట్టినది రెండవది. నగరము కారణముగా పొలిమేర దాటిన తరువాత పుట్టునది మూడవది. దీపము వెలిగించుకొన్నవారే బొగ్గు లెక్కను, చెత్త పంపినవారే చెత్త లెక్కను వ్రాసికొనవలెను. ఇంతవరకు న్యాయముగానే యున్నది.

కాని మూడవ కట్ట పూర్తిగా నిండదు. తాడిపత్రిలో కాల్చిన సున్నపురాయి సిమెంటై, బెంగళూరులో మేడగా లేచినదనుకొందము. రాయి కాలినప్పుడు పుట్టిన వాయువు తాడిపత్రి వైపు లెక్కలోనే నిలుచును. సామాన్యముగా నగరములు తయారుచేయు పద్దులో, బయటినుండి కొన్న సిమెంటు, ఉక్కు, ధాన్యముల వెనుకనున్న పొగకు చోటు దొరకదు. పెద్దాయన అడిగిన "ఎవురి పేరు" అను ప్రశ్న ఇక్కడనే గట్టిగా తగులుచున్నది.

అప్పటి బృహత్ బెంగళూరు మహానగర పాలిక 2023 నవంబరులో తన వాతావరణ కార్యాచరణ ప్రణాళికను వెలువరించినది. 2050 నాటికి పుట్టించు పొగను, పీల్చుకొను పొగను సరిసమానము చేయుట దాని గురి. అంతకుముందే, 2022 మార్చిలో, ముంబయి నగరము తన ప్రణాళికను ప్రకటించినది. ప్రణాళిక యనగా మంచిమాటల జాబితా కాదు. ఏ సంవత్సరపు లెక్కను మొదలుగా తీసికొనవలెను, ఏ పనిని ఏ శాఖ ఎప్పటికి చేయవలెను, ఏటేట ఎంత తగ్గినదో ఎవరు చూడవలెను అనునవి అందులో ఉండవలెను. వీనిలో చివరిదే కష్టము. 2025 సెప్టెంబరులో ఆ మహానగర పాలిక పోయి, దానిస్థానమున గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దానిక్రింద ఐదు నగరపాలికలు ఏర్పడినవి. కరణము మారినను పద్దు చెడరాదు. ఐదుగురును ఒకే కొలతతో వ్రాసిననే గాని, పాత అంకెకు కొత్త అంకెకు పోలిక కుదరదు.

ఇంతకు కుందుర్పికి దీనితో నేమి పని? అనంతపురపు కరవు పొగవలన పుట్టినది కాదు; అది తాతలనాటిది. ఆ మాట దాచుట నిజాయితీ కాదు. అయితే గాలి వేడెక్కిన కొలది నేలలోని తేమను త్వరగా లాగివేయును. వాన కురిసిన నాడు కుండపోతగా కురిసి, నడుమ ఎడము పెరుగును. పదునుమీద బ్రతుకువానికి ఈ రెండును దెబ్బలే. పొలము ఎండి కుమారుడు నగరము చేరినను, ఎండలో గోడ కట్టువాడు ఆతడే. అందుచేత నగరపు ప్రణాళికలో పొగ తగ్గించు భాగము ఎంత ముఖ్యమో, ఎండవేళ కూలివానికి నీడ, నీరు, విరామము సమకూర్చు భాగమును అంతే ముఖ్యము.

ఇంటిలో కూర్చుండి వినుచున్న మనకును ఒక చిన్న పద్దు కలదు. నెలకు 100 యూనిట్లు వాడిన ఇంటిపేర సుమారు 70 కిలోలు, 14.2 కిలోల వంటగ్యాసు సిలిండరు ఒకటి అయిపోయినచో సుమారు 42 కిలోలు. కరెంటు బిల్లు వెనుకనే ఈ అంకె వేసికొనవచ్చును. వచ్చే ఏడు అదే నెలలో మరల వేసి, రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును.

ఇదంతయు చెప్పినపిమ్మట కుందుర్పి పెద్దాయన కొంతసేపు ఊరకుండి, "రాయనీ సామీ. రాసినోడు ఎప్పుడో ఒకప్పుడు బాకీ ఒప్పుకోక తప్పదు" అన్నారు. ఆ రోజున ఆకాశమున మబ్బు ఉండినది గాని పదును కాలేదు.