రోడ్డు మధ్యలో రైలు దారి



ఈ రోజు మెట్రో రైలు గురించి మాట్లాడుకుందాం. హైదరాబాదులో దాన్ని మీరంతా చూసే ఉంటారు. కొందరు ఎక్కే ఉంటారు. అయితే ఆ దారి ఎట్లా కట్టారో, కట్టేటప్పుడు ఎవరికి ఏమైందో మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను రోజూ ఎర్రగడ్డలో బస్సు కోసం నిలబడే మనిషిని. ఆ పని ఏళ్ళ తరబడి నా కళ్ళ ముందే జరిగింది. చూసింది కొంత, అడిగి తెలుసుకున్నది కొంత చెప్తాను.

2010 సెప్టెంబరులో ప్రభుత్వానికీ, ఎల్ అండ్ టీ కంపెనీకీ ఒప్పందం కుదిరింది. 2012లో పని మొదలైంది. 2017 నవంబరు 28న ప్రధానమంత్రి నరేంద్ర మోడీ మొదటి దారిని ప్రారంభించారు. మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోలు దాకా 30 కిలోమీటర్లు. మర్నాటి నుంచి జనం ఎక్కారు. 2018లో ఎల్.బి.నగర్ దాకా, 2019లో హైటెక్ సిటీ దాటి రాయదుర్గం దాకా దారి పెరిగింది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఇమ్లీబన్ బస్ స్టేషన్ దాకా వచ్చింది. అన్నీ కలిపితే సుమారు 69 కిలోమీటర్లు.

మరి ఎట్లా కట్టారు? ముందు రోడ్డు మధ్యలో రేకులు నిలబెట్టారు. రేకుల లోపల భూమికి బోరు వేసి మట్టి ఎక్కడిదాకా ఉంది, రాయి ఎక్కడ తగులుతుంది అని చూశారు. మన ఊరు రాతి నేల గదా, గట్టి రాయి దొరికేదాకా తవ్వారు. అక్కడినుంచి ఇనుప చువ్వలు కట్టి, కాంక్రీటు పోసి స్తంభం లేపారు. రోడ్డు మధ్యలో ఒంటి స్తంభం. రెండు పక్కలా బస్సులు, ఆటోలు పోతూనే ఉండాలి, పని ఆగకూడదు.

స్తంభాల మీద దారి అక్కడే పోసింది కాదు. ఉప్పల్‌లోనూ, కుత్బుల్లాపూర్‌లోనూ పెద్ద మైదానాల్లో ముందే ముక్కలు ముక్కలుగా తయారు చేశారు. ఒక్కో ముక్క లోపల డొల్లగా, పెద్ద పెట్టెలాగా ఉంటుంది. రాత్రి పూట రద్దీ తగ్గాక పొడుగు లారీల మీద తెచ్చేవారు. రెండు స్తంభాల మీద ఒక పెద్ద ఇనుప యంత్రం కూర్చునేది. అది ముక్కల్ని ఒక్కొక్కటే పైకి లాగి వరసగా పట్టుకునేది. ముక్కకూ ముక్కకూ మధ్య జిగురు పూసేవారు. తర్వాత లోపలినుంచి ఉక్కు తాళ్ళు దూర్చి, జాకీలతో బిర్రుగా లాగి కట్టేవారు. మనం దారానికి పూలు గుచ్చి లాగి బిగిస్తామే, అట్లాగే. తాళ్ళ బిగువుతో ఆ ముక్కలన్నీ ఒక్క దూలంలాగా నిలబడతాయి. అది ఐపోగానే యంత్రం ముందు స్తంభం మీదికి జరిగేది. పొద్దున మేం వచ్చేసరికి కొత్త దారి కనపడేది. పిల్లలైతే రాత్రి దయ్యాలు కట్టిపోయాయి అనేవారు.

దయ్యాలు కాదు, కూలీలు. దూర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. రేకుల వెనక వాళ్ళ ముఖాలు మనకు కనపడలేదు.

రైలు పెట్టెలు దక్షిణ కొరియా దేశంలో తయారయ్యాయి. పైన కరెంటు తీగలో 25 వేల వోల్టులు ఉంటుంది. అందుకే సంక్రాంతికి పిల్లల్ని ఆ దారి పక్కన గాలిపటాలు ఎగరెయ్యనివ్వకండి. దారం తీగకు చుట్టుకుంటే ప్రాణానికే ముప్పు.

ఇంకో ముప్పు కూడా చెప్పాలి. 2019 సెప్టెంబరులో అమీర్‌పేట స్టేషన్ కింద ఒక అమ్మాయి వానకు తల దాచుకోను నిలబడింది. పైనుంచి పెచ్చు ఊడి తల మీద పడి చనిపోయింది. కట్టడం ఎంత గొప్పదైనా, దాన్ని రోజూ చూసుకునే మనిషి ఉండాలి. ఆ ఖర్చుకు వెనకాడకూడదని నేనంటాను.

ఇక మన సంగతికి వద్దాం. రైలు దారి కోసం చాలాచోట్ల రోడ్డు వెడల్పు చేశారు. దుకాణాలు పోయాయి, ఇళ్ళ ముందు గదులు పోయాయి. సుల్తాన్ బజార్ వ్యాపారులు ఏళ్ళ తరబడి వద్దని కొట్లాడారు. చివరికి దారి అటే పోయింది.

నాకు తెలిసిన ఒకావిడ ఉంది. భర్త పోయాడు. రోడ్డు పక్కన చిన్న ఇల్లు, ముందు గదిలో కుట్టుమిషను. ఎవరో కొలతలకు వచ్చారు. కాగితం ఇచ్చారు. ఆమెకు చదువు రాదు. మరిదిని పిలిచింది. "వదినా, నీకెందుకు, నేను చూసుకుంటా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అన్నాడు. వేసింది. ముందు గది పోయింది. డబ్బు ఆమె చేతికి రానేలేదు. ఆ కాగితంలో ఏముందో ఆమెకు ఇవాళ్టికీ తెలియదు.

అందుకని రెండు చట్టాల గురించి చెప్తాను. జాగ్రత్తగా వినండి.

ఒకటి, 2013 భూసేకరణ చట్టం. 2014 జనవరి 1 నుంచి అమలులో ఉంది. దీని ప్రకారం భూమి తీసుకోబోతున్నామన్న ప్రకటన మన భాషలో కూడా వెయ్యాలి. ఆ భూమితో సంబంధం ఉన్నవాళ్ళు 60 రోజుల లోపల కలెక్టరుకు అభ్యంతరం చెప్పుకోవచ్చు. నోటితో చెప్తే చాలదు, రాసి ఇవ్వాలి. భర్త పోయినవాళ్ళను, విడాకులైనవాళ్ళను, ఇంటివాళ్ళు వదిలేసిన ఆడవాళ్ళను ఈ చట్టం వేరే కుటుంబంగా లెక్కపెడుతుంది. మరిది కుటుంబంలో కలపడానికి లేదు. ఇల్లు సొంతం కాకపోయినా, మూడేళ్ళకు తక్కువ కాకుండా అక్కడే బతుకుతెరువు ఉండి, అది పోతే వాళ్ళనూ నష్టపోయినవాళ్ళ కిందే చూడాలి.

రెండోది, 2014 వీధి వ్యాపారుల చట్టం. పూలు, కూరగాయలు, మిర్చిబజ్జీలు అమ్ముకునేవాళ్ళకు ఇది పనికొస్తుంది. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా లేపడానికి లేదు. వ్యాపారం చేసుకునే సర్టిఫికెట్ మునిసిపాలిటీ నుంచి తీసుకుని ఉంచుకోండి. అది లేకుంటే మాట చెల్లడం కష్టం.

ఈ మాటలు ఇప్పుడెందుకంటే, పని ఇంకా ఉంది. మొదట అనుకున్న దారి పాతబస్తీలో ఫలక్‌నుమా దాకా పోవాలి. ఇమ్లీబన్ దగ్గరే ఆగిపోయింది. 2024 మార్చి 8న, మహిళా దినం రోజునే, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమా దగ్గర ఆ దారికి శంకుస్థాపన చేశారు. 2025 జనవరిలో ఇళ్ళు, దుకాణాలు పోయేవాళ్ళకు చెక్కులు ఇవ్వడం మొదలుపెట్టారు. గజానికి 81 వేల రూపాయల లెక్క. మీ చుట్టాలు అటువైపు ఉంటే అడగండి: కాగితాల్లో ఇల్లు ఎవరి పేరున ఉంది? ఎన్ని గజాలు రాశారు? చెక్కు మీద ఎవరి పేరుంది?

రైలు బాగుందా అంటే, బాగుంది. మియాపూర్ నుంచి అమీర్‌పేటకు దుమ్మూ ధూళీ లేకుండా కూర్చుని పోవచ్చు. ఆడవాళ్ళకు వేరే చోటుంది. మొదటినుంచీ రైలు నడిపేవాళ్ళలో ఆడపిల్లలు ఉన్నారు. అది చూస్తే నాకు కడుపు నిండుతుంది. కానీ టిక్కెట్టు సంగతి వేరు. 2025 మే నెలలో చార్జీలు పెంచి, కొంత తగ్గించి, 11 రూపాయల నుంచి 69 రూపాయల దాకా పెట్టారు. మనకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు ఉచితం. నాలుగిళ్ళలో పాచిపని చేసే మనిషి ఏది ఎక్కుతుంది? రైలు ఆమె ఇంటి ముందునుంచే పోతుంది, ఆమె కింద బస్సుకే నిలబడుతుంది. ఇది కట్టినవాళ్ళు ఆలోచించాల్సిన మాట.

చివరగా ఒక పని. మెట్రో స్తంభాల మీద నంబర్లు ఉంటాయి. ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన అంకెలు. ఇప్పుడు ఊళ్ళో జనం ఆ నంబరుతోనే అడ్రసు చెప్పుకుంటున్నారు. రేపు పనికి పోతూ, మీ బస్టాపు దగ్గర స్తంభం నంబరు చదివి పలక మీద రాసుకుని రండి. ఎల్లుండి అందరివీ చూద్దాం.